కుక్కకు ఈత నేర్పడం: మీ పక్కనే, క్షేమంగా

మా బ్రూనోకి ఈత ఎవరూ నేర్పలేదు. చిన్నప్పుడే ఒకసారి నీళ్లలోకి దిగి, కాళ్లాడించుకుంటూ కొంత దూరం వెళ్లి తిరిగొచ్చేశాడు. ఇక వాడికి ఈత వచ్చేసిందనుకున్నాను. కొన్నాళ్ల తర్వాత నేను కాళ్లకు నేల అందని లోతులో ఈదుతుంటే, ఒడ్డు మీద ఉన్నవాడు ఒక్కసారిగా దూకి నా వెనకే వచ్చాడు. దగ్గరికి రాగానే నా భుజం మీద పంజాలు వేసి ఎక్కబోయాడు. నేను మునిగిపోయాను. పైకి లేచేసరికి మళ్లీ ఎక్కాడు. రెండు బారలు వెనక్కి వేయగానే కాళ్లకు నేల తగిలింది కాబట్టి బయటపడ్డాం. వీపు మీద గోళ్ల గీతలు మానడానికి రెండు వారాలు పట్టింది.

అందులో వాడి తప్పేమీ లేదు. నీళ్ల మధ్యలో భయపడ్డ కుక్కకు ఎక్కి నిలబడడానికి కనిపించేది యజమాని ఒక్కడే. కాళ్లాడించి తేలడం చాలా కుక్కలకు వస్తుంది. మనిషి పక్కన, మనిషి మీదికి ఎక్కకుండా, పిలిస్తే తిరిగొస్తూ, దారి చూసుకుని ఒడ్డెక్కడం మాత్రం నేర్పితేనే వస్తుంది. ఆ రోజు తర్వాత బ్రూనోతో మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టాను. ఆ క్రమమే ఇక్కడ రాస్తున్నాను.

మీ కుక్క ఈదగలదా?

నేల మీద కుక్క చిన్నగా పరుగు తీసేటప్పుడు ముందు కుడికాలు, వెనక ఎడమకాలు ఒకేసారి కదులుతాయి. నీళ్లలోనూ దాదాపు అదే కదలిక. అందుకే చాలా కుక్కలు తడవగానే కాళ్లాడిస్తాయి. కానీ కాళ్లాడించినంత మాత్రాన తేలతాయని లేదు. బుల్‌డాగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, పగ్ లాంటి చదును ముఖం కుక్కలు ముక్కు నీటిపైన ఉంచాలంటే తల బాగా పైకెత్తాలి. తల పైకి లేస్తే నడుము కిందికి పోతుంది. పైగా వాటికి మామూలుగానే ఊపిరి కష్టం. డాక్స్‌హుండ్, బాసెట్ హౌండ్ లాంటి పొట్టికాళ్ల కుక్కలకు ఒళ్లు బరువు, కాళ్లలో తోపు తక్కువ. ఇలాంటి కుక్కలకు లైఫ్ జాకెట్ లేకుండా ఈత వద్దు. నా మాట అడిగితే, చదును ముఖం కుక్కలను పొట్ట తడిసేంత లోతు దాటనివ్వకపోవడమే మేలు. లాబ్రడార్, న్యూఫౌండ్లాండ్, పోర్చుగీస్ వాటర్ డాగ్ లాంటివి నీళ్ల పనికోసమే పెరిగిన జాతులు. అయినా వాటిలోనూ నీళ్లంటే బెదిరేవి ఉంటాయి. జాతి పేరు చూసి ధీమా పడకండి.

మొదలుపెట్టే ముందు ఒకసారి పశువైద్యుడికి చూపించండి. గుండె జబ్బు, ఫిట్స్, కీళ్ల నొప్పులు, చెవిలో చీము ఉంటే ముందే తెలియాలి. స్వరపేటిక పక్షవాతం వచ్చిన కుక్క, దానికి ఆపరేషన్ అయిన కుక్క ఈదకూడదు. నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కుక్కపిల్లలైతే మొదటి టీకాలన్నీ పూర్తయ్యాకే. చెరువు, వాగు నీళ్లలో దించాలనుకుంటే లెప్టోస్పైరోసిస్ టీకా గురించి కూడా అడగండి. ఎలుకలు, పశువుల మూత్రం కలిసిన నీళ్ల ద్వారా వచ్చే జబ్బు అది, మనుషులకూ సోకుతుంది.

ఇంకో ప్రశ్న మీ గురించి. కాళ్లకు నేల అందని చోట, ఒక చేత్తో కుక్కను పట్టుకుని, మిగతా చెయ్యి, రెండు కాళ్లతో ఐదు నిమిషాలు తేలగలరా? లేకపోతే మీరు ఎప్పుడూ నేల అందే లోతులోనే ఉండండి. కుక్కకు అంతకన్నా లోతు అక్కర్లేదు కూడా. ఎలా ఉన్నా ఒడ్డు మీద ఇంకొకరు ఉండాలి. ఇద్దరూ నీళ్లలో ఉండి ఒడ్డున ఎవరూ లేకపోవడం అన్నిటికన్నా ప్రమాదం.

నీళ్లను చూసి దిగండి

మొదటి పాఠాలకు నేల మెల్లగా లోతెక్కే, ప్రవాహం లేని, మంచి నీళ్లు కావాలి. ఒక్క అడుగుతో లోతు పడిపోయే చోటు, బురద, మునిగి ఉన్న కొమ్మలు, వలలు, తాళ్లు ఉన్న చోటు పనికిరావు. ముందు మీరొక్కరే దిగి కాళ్లతో నేలంతా తడిమి చూడండి.

నీటి మీద పచ్చటి పెయింటు ఒలికినట్టు, చిక్కటి బఠాణీ సూప్‌లా, లేదా నీలిపచ్చ తెట్టులా కనిపిస్తే కుక్కను దగ్గరికి కూడా రానివ్వకండి. నీలిపచ్చ నాచు అని పిలిచే సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవి అలా తెట్టుకడుతుంది. దానిలో కొన్ని రకాల విషం కాలేయాన్ని, కొన్ని నరాలను దెబ్బతీస్తాయి. కొన్ని గంటల్లోనే కుక్క చనిపోవచ్చు. ఈదకపోయినా ముప్పే, ఒళ్లు నాక్కున్నా చాలు. పొరపాటున దిగితే వెంటనే మంచినీళ్లతో కడిగి, నాకనివ్వకుండా డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. లక్షణాలు కనిపించేదాకా ఆగొద్దు.

చలి సంగతి కూడా చూసుకోవాలి. మీరు పది నిమిషాలు ఉండలేనంత చల్లగా ఉంటే కుక్కకూ వద్దు. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. అది 99 కన్నా దిగితే చలి దెబ్బ కిందే లెక్క.

ఏం కావాలి

అన్నిటికన్నా ముఖ్యం, వీపు మీద గట్టి పిడి ఉన్న కుక్కల లైఫ్ జాకెట్. కొనేటప్పుడు కుక్క బరువొక్కటే చూస్తే సరిపోదు. ముంగాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత టేపుతో కొలవాలి. తొడిగాక పట్టీలకూ ఒంటికీ మధ్య రెండు వేళ్లు దూరాలి, మూడో వేలు దూరకూడదు. ఇప్పుడు పిడి పట్టుకుని కుక్కను నేల మీంచి కొద్దిగా పైకెత్తండి. జాకెట్ మెడవైపు జారిపోయినా, ఒక పక్కకు ఒరిగినా అది మీ కుక్క సైజు కాదు. తర్వాత నాలుగడుగులు నడిపించి చంకల కింద చూడండి. వెంట్రుకలు రేగినా, చర్మం ఎర్రబడినా అక్కడ ఒరుసుకుంటోందని అర్థం. తడిస్తే ఇంకా ఒరుసుకుంటుంది.

రెండోది ఐదు నుంచి పది మీటర్ల తేలే తాడు. దాని చివర పిడి ఉచ్చు ఉండకూడదు, రాళ్లకో కొమ్మలకో తగులుకుంటుంది. దాన్ని జాకెట్ వీపు మీది రింగుకు తగిలించాలి, మెడపట్టీకి కాదు. మెడపట్టీ అసలు తీసేయడమే మంచిది. లాగేకొద్దీ సాగే చుట్ట లీష్ నీళ్లలో పనికిరాదు. మీ చేతికో నడుముకో తాడు కట్టుకోవద్దు, వేళ్ల మధ్య పట్టుకోండి.

గోళ్లు ముందు రోజే కత్తిరించండి. మీరు పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకోండి. తాగడానికి మంచినీళ్లు, చిన్న ముక్కలుగా చేసిన ఇష్టమైన తిండి, టవల్ పెట్టుకోండి. భోజనం పెట్టాక రెండు గంటలైనా ఆగాలి.

మొదటి పాఠాలు నేల మీదే

రెండు మూడు రోజులు ఇంట్లోనే జాకెట్ తొడిగి తిండి పెట్టండి, ఆడించండి. దాన్ని వేసుకుని హాయిగా పడుకుందంటే అలవాటైనట్టే.

తర్వాత మూడు మాటలు నేర్పాలి. “రా” అంటే ఏం చేస్తున్నా మీ వైపు రావాలి. “పక్కకి” అంటే మీ చాచిన చేతికి అవతల, మీకు సమాంతరంగా నడవాలి. “ఒడ్డు” అంటే మిమ్మల్ని వదిలేసి మీరు చూపించిన చోటికి వెళ్లాలి. మొదటిది చాలా కుక్కలకు వచ్చే ఉంటుంది. రెండోదానికి చెయ్యి పక్కకు బారుగా చాపి, అరచేతి అవతల తిండి ముక్క అందించండి. మీ కాళ్లకు ఆనుకుని నడిచినప్పుడు ఏమీ ఇవ్వకండి. సాధారణంగా మనం కుక్కకు కాలు పక్కనే నడవమని నేర్పుతాం, ఇక్కడ చెయ్యంత దూరం నేర్పాలి. ఈ తేడానే రేపు మీ వీపును కాపాడేది. మూడోదానికి నేల మీద ఒక రంగు టవల్ పరిచి, దాని మీదికి పంపడం అలవాటు చేయండి. అదే టవల్ తర్వాత ఒడ్డున పరుస్తారు.

నేల మీద పదిసార్లలో తొమ్మిదిసార్లు సరిగ్గా చేసేదాకా నీళ్ల వైపు వెళ్లొద్దు.

మోకాళ్ల లోతు

మీరు దిగండి, కుక్కను లాగకండి. దాని వైపు చూస్తూ నిలబడకుండా, నీళ్లలో ఏదో వెతుక్కుంటున్నట్టు పక్కకు తిరిగి ఉండండి. పంజా తడిపితే మెచ్చుకోండి, తిండి పెట్టండి. వెనక్కి పోతే పోనివ్వండి. ఎత్తుకెళ్లి లోతులో వేస్తే అదే నేర్చుకుంటుందన్న మాట ఇంకా వింటుంటాను. అలా చేస్తే నీళ్లంటే భయం, దానితోపాటు మీరంటే అనుమానం పుడతాయి. ఆ రెండూ పోగొట్టడం ఈత నేర్పడం కన్నా కష్టం.

రోజుకు ఐదు నిమిషాలు చాలు. కుక్కకు ఇంకా ఆడాలని ఉండగానే ఆపేయండి. కొన్ని కుక్కలు మొదటి రోజే పొట్టలోతుకు వస్తాయి, కొన్నిటికి మూడు వారాలు పడుతుంది. తోక కాళ్ల మధ్య పెట్టుకోవడం, చెవులు వెనక్కి వాల్చడం, తిండి ముక్క ముట్టకపోవడం కనిపిస్తే ఒక అడుగు వెనక్కి వెళ్లాలి. బాగా ఇష్టమైన ముక్కను కూడా వద్దంటే అది మొండితనం కాదు, టెన్షన్.

కాళ్లు నేల వదిలేటప్పుడు

అందరూ తడబడేది ఇక్కడే. కుక్క పొట్టలోతులో నిలబడి ఉండగా మీరు దాని పక్కన, దాని తల ఒడ్డు వైపు ఉండేలా నిలబడండి. ఒక చెయ్యి జాకెట్ పిడి మీద, రెండో చెయ్యి పొట్ట కింద, వెనక కాళ్లకు కాస్త ముందు. దాన్ని కొంచెం లోతుకు తీసుకెళ్లి కాళ్లు తేలనివ్వండి. వెంటనే ఒడ్డు వైపు రెండు మూడు బారలు ఈదించండి. కాళ్లకు నేల తగలగానే మెచ్చుకోండి. మొదటి ఈత ఎప్పుడూ ఒడ్డు వైపే ఉండాలి.

కొత్తగా ఈదే కుక్కను పక్కనుంచి చూస్తే ముంగాళ్లు నీటిపైకి లేచి చప్పుడు చేస్తూ కొడుతుంటాయి. నడుము వేలాడుతుంది. ఒళ్లు దాదాపు నిలువుగా నిలబడుతుంది. అది ఈత కాదు, నీళ్లను ఎక్కే ప్రయత్నం. నిమిషంలో అలసిపోతుంది. పొట్ట కింది చేతిని మెల్లగా పైకెత్తి నడుమును నీటి మట్టానికి తీసుకురండి. వీపు చదునుగా కాగానే ముంగాళ్లు వాటంతటవే నీళ్ల కిందికి వెళ్తాయి. చప్పుడు ఆగిపోతుంది, తల నిలకడగా ముందుకు సాగుతుంది. ఆ నిశ్శబ్దమే మీకు గుర్తు. ఆ తర్వాత చేతి బలం రోజురోజుకూ తగ్గించుకుంటూ పోవాలి. చివరికి చెయ్యి తాకీ తాకనట్టు ఉంటుంది, ఒకరోజు తీసేసినా దానికి తెలియదు. బ్రూనోకి ఈ ఒక్క మెట్టుకే పదకొండు రోజులు పట్టింది. అప్పటికే వాడికి ఈత వచ్చనుకున్నాం కదా, వాడు అన్నాళ్లూ ముంగాళ్లతోనే ఈదాడని అప్పుడే తెలిసింది.

ఒడ్డెక్కడం

దూరం ఈదడం కన్నా ముందు నేర్పాల్సింది ఇదే. ఈత వచ్చిన కుక్కలు కూడా పూల్‌లో మెట్లెక్కడున్నాయో తెలియక, గోడ పట్టుకుని ఎక్కాలని ప్రయత్నిస్తూ అలసి మునిగిపోతాయి. దూకిన చోటి నుంచే బయటికి రావాలని చూడడం కుక్క సహజం.

మెట్లు లేదా వాలు ఉన్న చోట ఆ రంగు టవల్ పరిచి, దాని మీద తిండి పెట్టండి. ముందు మెట్టు మీంచే ఎక్కించండి. తర్వాత ఒక మీటరు అవతల నుంచి “ఒడ్డు” అనండి. తర్వాత రెండు మీటర్లు, తర్వాత పక్క గోడ దగ్గర నుంచి, ఎదుటి గోడ దగ్గర నుంచి. పూల్ నాలుగు వైపుల నుంచీ ఎటూ చెయ్యి చూపించకుండా తనంతట మెట్లు వెతుక్కుని రావాలి. టవల్ తీసేసినా రావాలి. చెరువు దగ్గరైతే తేలిగ్గా ఎక్కగలిగే చోటు ఒకటి ఎంచుకుని, ప్రతిసారీ అక్కడే దిగి అక్కడే ఎక్కాలి. ఇంత నేర్చినా పూల్‌కు కంచె వేయాల్సిందే. మీరు లేనప్పుడు కుక్క దాని దగ్గరికి వెళ్లకూడదు.

పక్కపక్కనే ఈదడం

మొదట మీరు ఈదకండి. ఛాతీలోతులో ఒడ్డుకు సమాంతరంగా నడవండి, కుక్క పక్కన ఈదుతుంది. అది మీకూ ఒడ్డుకూ మధ్య ఉండాలి, మీరు లోతు వైపు. అలిస్తే అది తిరగాల్సింది ఒడ్డు వైపే కానీ మీ మీదికి కాదు. మీ ఇద్దరి మధ్య పొడవాటి ఫోమ్ గొట్టం ఒకటి నీళ్ల మీద అడ్డంగా తేలేలా పట్టుకోండి. కుక్క దగ్గరికి జరిగినప్పుడు దానికి ఆ గొట్టం తగులుతుంది, మీరు “పక్కకి” అంటారు. దూరం సర్దుకోగానే మెచ్చుకుంటారు. వారం రోజుల్లో గొట్టం అవసరం తగ్గుతుంది.

కుక్కకు ఎదురుగా ఎప్పుడూ ఉండొద్దు. చేతులు చాచి “రా రా” అని పిలిస్తే అది మీ ఛాతీ మీదికే వస్తుంది. పిలవాలంటే మీరు పక్కకు తిరిగి, చెయ్యి ఒళ్లుకు దూరంగా చాపి, ఆ చేతి వైపు పిలవండి. అయినా మీదికి వస్తుంటే అరవకండి, తొయ్యకండి. అరచేతిని దాని భుజం పక్కన ఆనించి, అది వచ్చే వేగాన్నే వాడుకుని పక్కకు తిప్పేయండి. తలుపు తిరిగినట్టు తిరుగుతుంది. ముఖం ఒడ్డు వైపు కాగానే “ఒడ్డు” అనండి. అప్పటికే పంజాలు భుజం మీద పడితే జాకెట్ పిడి పట్టుకుని చెయ్యి చాచండి. దాని ముఖం అటు తిప్పి, వెనక నుంచి పిడి పట్టుకునే ఒడ్డుకు చేర్చండి. మెడ పట్టుకునే కుక్క మీకు ఎంత ముద్దొచ్చినా నీళ్లలో ముద్దు చేయొద్దు. ఎక్కడానికి ఒక్కసారి అనుమతి దొరికితే పదిసార్లు ఎక్కుతుంది.

ఈ మెట్టు కుదిరాక మీరు ఈదడం మొదలుపెట్టండి. తల పైకి ఉంచి, చప్పుడు లేకుండా కప్పలా ఈదే బ్రెస్ట్ స్ట్రోక్ దీనికి సరైనది. చేతులు గాల్లోంచి తెచ్చి నీళ్లు కొడుతూ ఈదితే కుక్క బెదురుతుంది, లేదా ఆటనుకుని చేతుల మీద పడుతుంది. నీటి కిందికి మునక వేయకండి. మీ తల కనబడకపోతే చాలా కుక్కలు మిమ్మల్ని వెతుక్కుంటూ మీరున్న చోటికే దూసుకొస్తాయి. మీరు పైకి తేలేసరికి మీ మీదే పడతాయి. మీ వేగం కాదు, దాని వేగం. మలుపు తిరిగేటప్పుడు పెద్ద గుండ్రంగా తిరగండి.

దూరం ఇలా పెంచాను: మొదటి వారం ఐదు మీటర్లు, ఒడ్డు, విరామం. రెండో వారం పది. ఆ తర్వాత వారానికి ఐదు చొప్పున. ఎప్పుడూ ఒడ్డుకు సమాంతరంగానే, ఎదురు ఒడ్డుకు కాదు. రోజంతా కలిపి నీళ్లలో పావుగంట, మధ్యలో నేల మీద అంతకు రెట్టింపు విశ్రాంతి. ఎంత బాగా ఈదినా చెరువులో, నదిలో, సముద్రంలో బ్రూనో జాకెట్ నేను తీయను.

అలసట, మింగిన నీళ్లు

అలిసిన కుక్క తోక మొదట చెబుతుంది. చుక్కానిలా వెనక చదునుగా తేలే తోక కిందికి దిగుతుంది. తర్వాత నడుము, తర్వాత గడ్డం. కళ్లు పెద్దవవుతాయి, ముంగాళ్ల చప్పుడు తిరిగొస్తుంది. తోక దిగినప్పుడే ఒడ్డుకు తిప్పండి, చప్పుడు వినిపించేదాకా ఆగొద్దు.

చాలామందికి తెలియని ప్రమాదం మంచినీళ్లు ఎక్కువగా మింగడం. బంతి కోసం మళ్లీ మళ్లీ నోరు తెరుచుకుని ఈదే కుక్క, ప్రతిసారీ గుక్కెడు మింగుతుంది. రక్తంలో సోడియం పలచబడి మెదడు వాస్తుంది. తూలడం, పొట్ట ఉబ్బడం, వాంతి, చొంగ, శూన్యంగా చూడడం, చిగుళ్లు పాలిపోవడం, చివరికి ఫిట్స్. ఇది గంటల్లో ప్రాణం తీయగలదు, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. అందుకే బంతి బదులు నోరు మూసి పట్టుకోగల పల్చటి బొమ్మ వాడండి, ఆటను పది నిమిషాలకోసారి ఆపండి. సముద్రంలో దీనికి రివర్స్, ఉప్పు ఎక్కువై వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. గంటకు రెండు మూడుసార్లు ఒడ్డుకు పిలిచి మంచినీళ్లు తాగించండి. దాహం తీరిన కుక్క సముద్రపు నీళ్లు తక్కువ తాగుతుంది.

మునిగితే

ప్రవాహంలో కొట్టుకుపోతున్న కుక్క కోసం మీరు దూకొద్దు. ఒడ్డు వెంబడి పరుగెత్తుతూ, పేరు పెట్టి పిలుస్తూ అది ఎక్కగల చోటికి రప్పించండి, తాడు అందితే లాగండి.

బయటికి తీశాక ఊపిరి ఆడకపోతే తలకిందులుగా వేలాడదీసి ఊపుతూ సమయం పోగొట్టుకోవద్దు. పక్కకు పడుకోబెట్టి, నోట్లో అడ్డం ఉంటే తీసి, నాలుక ముందుకు లాగి, నోరు మూసి పట్టుకుని ముక్కులోకి రెండుసార్లు ఊదండి, ఛాతీ పైకి లేవాలి. తర్వాత ఛాతీని దాని వెడల్పులో మూడో వంతు నుంచి సగం వరకు లోపలికి వెళ్లేలా 30 సార్లు నొక్కండి, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో. మళ్లీ రెండు ఊపిర్లు. డాక్టర్ దగ్గరికి చేరేదాకా అదే వరుస.

తేరుకుని లేచి తోక ఊపినా సరే, అదే రోజు చూపించాలి. ఊపిరితిత్తుల్లోకి పోయిన కొద్ది నీళ్ల వల్ల గంటల తర్వాత వాపు రావచ్చు. రాత్రి దగ్గు, వేగంగా ఎగశ్వాస, నీలిరంగు చిగుళ్లు కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకండి.

ఇంటికి వచ్చాక

ఉప్పు, క్లోరిన్, బురద ఏదైనా సరే మంచినీళ్లతో కడగండి. చంకలు, గజ్జలు, పంజా వేళ్ల మధ్య, జాకెట్ పట్టీల కింద బాగా తుడవండి. వాలు చెవుల కుక్కలకు చెవిని తిరగేసి, కనిపించేంత మేర మెత్తటి గుడ్డతో తుడవాలి. దూది పుల్లలు లోపలికి పెట్టొద్దు. ఒకే చెవి పదేపదే విదిలించినా, వాసన వచ్చినా డాక్టర్‌కు చూపించండి.

మరుసటి రోజు కుక్క తోక మొదట్లో అంగుళం రెండంగుళాలు అడ్డంగా ఉండి, మిగతాది తాడులా వేలాడుతుంటే కంగారు పడకండి. ఈత ఎక్కువైనప్పుడు, నీళ్లు చల్లగా ఉన్నప్పుడు తోక కండరాలు పట్టేస్తాయి. కూర్చోవడానికీ బాధపడుతుంది. ఎక్కువగా కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది, కానీ ఎముక దెబ్బ కాదని తేల్చుకోవడానికి డాక్టర్‌కు ఒకసారి చూపించండి. మన పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ మాత్రలు మాత్రం సొంతంగా వేయొద్దు, అవి కుక్కలకు విషం. తోక మళ్లీ మామూలుగా ఊగేదాకా నీళ్లకు సెలవు.